చెదలు తిన్న హీరో

నేను ఒక సినిమాను చూడకుండా పదకొండు సార్లు చూశాను. పన్నెండోసారి నిజంగానే చూడాల్సి వచ్చింది. అది కూడా మక్తల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో, నాకు పిల్లనివ్వబోయే వాళ్ల చుట్టాలందరి ముందు, చేతిలో మైకు పట్టుకుని. ఆ మధ్యాహ్నం నా పరువు ఎంత దూరం పోయిందంటే, వెతకాలంటే కృష్ణానది దాటి రాయచూరు దాకా వెళ్లాలి. మీరు హాయిగా నవ్వుకోండి. జాలిపడేవాళ్లు మాత్రం ఇక్కడే దిగిపోవడం మంచిది. ముందు ముందు దిగడానికి స్టేజీలు లేవు.

సినిమా పేరు చెప్పను. పేరు చెబితే దాని అభిమానులు మా ఇంటికి దారి కనుక్కుంటారు.

తెలంగాణ వచ్చిన కొత్తలో జరిగిన ముచ్చట ఇది. మా జిల్లాను అప్పటికింకా ముక్కలు చేయలేదు. కోస్గి, మక్తల్ అన్నీ పాలమూరే. నాకు ఇరవై ఏడేళ్లు. కోస్గిలో గ్రంథాలయం పక్కనే ఒక జిరాక్సు షాపులో పనిచేసేవాణ్ణి. డిగ్రీ రెండో ఏడాదిలోనే నాకు దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ లోటు తీర్చుకోవడానికి లైబ్రరీ మీద పడ్డాను. పడటమంటే, జొన్నచేను మీద మిడతల దండు పడ్డట్టు.

మొదటి బీరువా నుంచి వరసగా చదువుకుంటూ పోయాను. పశువులకు వచ్చే గాలికుంటు, రోము చక్రవర్తులు, ఇంట్లోనే సబ్బు తయారీ, ఆత్మజ్ఞానం, ఏది చేతికొస్తే అది. చదివినది కడుపులో ఆగదు కదా. ఆధార్ కార్డు జిరాక్సుకు వచ్చిన మనిషి ఒక రోము చక్రవర్తి చావు గురించి వినందే షాపు గడప దాటేవాడు కాదు. చాలామంది ఎండలో నడిచి బస్టాండు దగ్గరి షాపుకు పోతున్నారని మా ఓనరు తర్వాత కనిపెట్టాడు.

నాలుగో బీరువా అడుగున ఒక మూట దొరికింది. పాత సినిమాల పాటల పుస్తకాలు. ఇప్పటివాళ్లకు తెలియదేమో, ఒకప్పుడు సినిమా హాలు బయట వీటిని అమ్మేవారు. నాలుగైదు కాగితాలు ఉంటాయి. అట్ట మీద తారల బొమ్మలు, లోపల ఎవరిది ఏ వేషమో జాబితా, తర్వాత కథ, ఆ తర్వాత పాటలు. కథ మంచి పట్టులో ఉండగా తటాలున ఆగిపోతుంది. ‘తర్వాత ఏమైంది? వెండితెర మీద చూసి ఆనందించండి’ అని ఒక ముక్క రాసి పంపించేస్తారు. అన్నం వడ్డించి, కూర వీధి చివర ఉందని చెప్పినట్టన్నమాట.

ఆ మూటలో ఒక పుస్తకం నన్ను పట్టేసింది. ప్రేమ కథ, పైగా హాస్యం. రెండు ఇళ్ల మధ్య ఒకే బావి. బావి మీదుగా నడిమధ్యన గోడ. ఇటు నుంచి హీరో చేదుకుంటాడు, అటు నుంచి హీరోయిన్ చేదుకుంటుంది. బొక్కెనల తాళ్లు చుట్టుకుంటాయి, ఆమె తగువు మొదలుపెడుతుంది. హీరోయిన్ గడగడా మాట్లాడే మనిషి. నెలరోజులు ఆ పిల్ల ముందు నోరు తెరవకుండా ఉంటానని హీరో స్నేహితుడితో పందెం కాస్తాడు. ఆమె ఇతణ్ణి పాపం మూగవాడనుకుని తన గుట్టంతా చెప్పుకుంటుంది. ముప్పయ్యో రోజు నిండింది. హీరో గోడ దగ్గరికి వచ్చాడు. నోరు తెరవబోయాడు. ఏం మాట్లాడాడు? వెండితెర మీద చూసి ఆనందించండి.

అదే బీరువాలో ఒక పాత పత్రికల బైండు కూడా ఉంది. అందులో ఆ సినిమా నటుల గురించి అర పేజీ రాశారు. హీరో మాట లేకుండా కనుబొమలతోనే సినిమానంతా మోశాడట. హీరోయిన్ నోటికి హద్దు లేకపోయినా కంటికి హద్దు ఉందట. నేను ఆ అర పేజీని బట్టీ పట్టాను. పిండి కొద్దీ రొట్టె అంటారు గానీ, నేను అర గుప్పెడు పిండితో ఊరంతటికీ రొట్టెలు చేశాను. టీ హోటల్లో, బస్టాండులో, ఆఖరికి మంగలి షాపులో నా మెడ మీద కత్తి ఉండగా కూడా ఆ హీరో కనుబొమల గురించి చెప్పాను. సినిమా చూశావా అని ఎవరూ అడగలేదు. అంతగా చెప్పేవాడు చూడకుండా ఉంటాడా అనుకున్నారు. కొన్నాళ్లకు నేను కూడా అదే అనుకున్నాను.

హీరో ఎవరో తెలుసుకోవడం ఒక్కటే కాస్త కష్టమైంది. అట్ట మీద ముగ్గురున్నారు. నడుమ హీరోయిన్. ఎడమ పక్క ఒత్తయిన మీసాలు, విశాలమైన ఛాతీ ఉన్న ఒకాయన. కుడి పక్కాయనకు మెడ కింది నుంచి అంతా బాగానే ఉంది గానీ, మెడ మీద ముఖం ఉండవలసిన చోట చెదలు తిని చేసిన బొక్క ఉంది. ఇంకేం కావాలి? మీసాలున్న ఆయనే హీరో అని తేల్చేశాను. హీరో ముఖాన్ని తినేంత ధైర్యం ఏ చెదపురుగుకు ఉంటుంది?

ఇలా ఉండగా మా బావ, అంటే అక్క మొగుడు, మక్తల్ సంబంధం తెచ్చాడు. పిల్ల పేరు సుజాత. ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. తండ్రి కుర్మయ్యకు టెంట్ హౌస్ ఉంది. ఆయనకు ఎవరూ నచ్చడం లేదట. వచ్చిన ప్రతి పిల్లవాడూ ఫోను చూసుకుంటూ కూర్చుంటున్నాడట. ‘నీ చేతిల ఫోను కనవడొద్దు. పుస్తకాలు చదువుతనని చెప్పు. అంతకన్న ఎక్కువ చెప్పకు’ అని మా బావ దారి పొడుగునా బస్సులో నూరిపోశాడు. మొదటి రెండూ గుర్తుంచుకున్నాను.

మక్తల్‌లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టారు. ఉగ్గాని అంటే నానబెట్టిన బొరుగులతో చేసే తాలింపు. ఆ పక్కన అది లేకుండా పెళ్లిచూపులు చెల్లవు. వడ్డించినావిడ సుజాత తల్లి అనంతమ్మ. తక్కువ మాటల మనిషి. వడ్డించి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మా బావ నన్ను పొగడటం మొదలుపెట్టాడు. కోస్గి లైబ్రరీలో నేను చదవనిది గోడ మీది క్యాలెండరు ఒక్కటేనన్నాడు. కుర్మయ్య తల పంకిస్తూ, పాత సినిమాల సంగతులు కూడా చదువుతావా అని అడిగాడు. తన పడుచుతనంలో డేరా టాకీసులో పనిచేశానని, ఒక సినిమా ఇప్పటికీ మరిచిపోలేదని చెప్పి పేరు చెప్పాడు.

అదే సినిమా.

చూడండి, దేవుడు మనిషిని చెడగొట్టాలనుకుంటే ముందు అతనికి తెలిసిన ప్రశ్నే ఇస్తాడు. నేను బజ్జీ పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. కనుబొమలతో మొదలుపెట్టాను. హీరోయిన్ కళ్ల హద్దు దాకా వెళ్లాను. బావి దగ్గరి తగువులో ఆమె ఎర్రచీర కొంగు బిగించే తీరు చూస్తే ఇప్పటి తారలు సిగ్గుపడాలన్నాను. హీరో మీసం కదలికలో మూడు రకాల విరహం ఉందన్నాను. కుర్మయ్య కళ్లు పెద్దవి చేసుకుని వింటున్నాడు. మధ్యలో ‘మీసమా’ అని ఒకసారి అన్నట్టు గుర్తు. నేను ఆగలేదు.

“ఎన్నిసార్లు సూసినవు బాబూ?” అన్నాడు చివరికి.

పది అంటే కోతలా ఉంటుందని, “పదకొండు” అన్నాను.

ఆయన లేచి వచ్చి నా చేతులు రెండూ పట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు తన బాధ. ఆ రోజుల్లో మక్తల్‌లో ఒక డేరా టాకీసు, పక్క ఊళ్లో ఇంకొకటి ఉండేవి. ఇద్దరు యజమానులూ కలిసి ఒకే సినిమా పెట్టె తెచ్చేవారు. ఇక్కడ ఆట ముందు మొదలయ్యేది, అక్కడ ఒక గంట వెనక. ఇక్కడ ఆడిన రీళ్లను డబ్బాల్లో పెట్టుకుని సైకిలు మీద అక్కడికి చేర్చడం కుర్మయ్య పని.

“ఇంటర్వెల్ దాంక ముక్కలు ముక్కలుగ సూసిన. ఆటెన్క సైకిలే. ఈడ ఆఖరి రీలు ఆడుతాంటే నేను తొవ్వల ఉంట. ఆడ ఆఖరి డబ్బ ఇయ్యంగనే ముంగటి డబ్బలు తీస్కొని రెండో ఆటకు మల్ల ఈడికి ఉరుకాలె. ఆ సినిమా ఇర్వై దినాలు ఆడింది. ఇర్వై దినాలు గా రీలును నా సైకిల్ మీదనే మోసిన. ఒక్కపారి సూడలే.”

“ఎవ్వర్నీ అడగలేదా మామా?”

“అడిగిన. ఒకడు నిద్రవోయిన అన్నడు. ఒకడు గేటుకాడ తొక్కులాట అయితదని ముందే లేసి వచ్చిన అన్నడు. ఇంకొకడు ఏడ్పొచ్చి కనవడలే అన్నడు. తెలిసినోళ్లేమో చెప్పరు.” ఈ మాట అంటూ ఆయన వంటింటి వైపు చూశాడు. నేను ఆ చూపును పట్టించుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఫోనులో చూడొచ్చు కదా అని మా బావ అన్నాడు. కుర్మయ్య మొహం చిట్లించాడు. “గింతంత ఫోన్ల సూస్తే చీమల పెండ్లి సూసినట్టుంటది. తెర మీదనే సూడాలె. లేకుంటే సూసినోడు చెప్తె ఇనాలె. నువ్వు చెప్పు బాబూ. నెల నిండినంక గోడకాడికి వచ్చిండు గదా. ఏం మాట్లాడిండు?”

నా పాటల పుస్తకం కూడా సరిగ్గా ఇక్కడే చేతులెత్తేసింది. నిజం చెప్పడానికి నాకు రెండు క్షణాల వ్యవధి ఉంది. ఆ రెండు క్షణాలనూ గొంతు సవరించుకోవడానికి వాడుకున్నాను. తర్వాత కళ్లు అరమూసి, ఒక చేయి గాల్లోకి చాచి చెప్పాను:

“దేవీ, నా ముప్పై దినాల మౌనమంతా నీ ఒక్క చిరునవ్వుకు ముందుమాట.”

వంటింట్లో గరిటె కింద పడ్డ చప్పుడైంది.

కుర్మయ్య భుజం మీది తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. “గట్లనా. ముందుమాట అన్నడా. నేను ఇన్నేండ్లు ఏమేమో అనుకున్న” అన్నాడు. అనంతమ్మ బయటికి వచ్చి నన్ను తేరిపార చూసింది. నా ప్లేటులో ఇంకో రెండు బజ్జీలు వేసి, “తిను బిడ్డా. చెప్పి చెప్పి అలిసినవు” అంది. ఆమె ప్రేమకు నాకు కడుపు నిండిపోయింది. మనిషి గుడ్డివాడు కావడానికి కళ్లే పోనక్కర్లేదు.

తర్వాత సుజాతతో ఐదు నిమిషాలు మాట్లాడనిచ్చారు. వచ్చినవాళ్లలో వాళ్ల నాన్న ముఖం చూసి మాట్లాడింది నేనొక్కణ్ణేనట. నాకు ఆ మాటతోనే మనసు పోయింది. ఆమె ఆగలేదు.

“ఒక్కటి చెప్త. మా క్లాసుల లెక్క తప్పు జేసినోనికి సగం మార్కులేస్త, స్టెప్పులు సొంతంగ ఉంటె. కాపీ గొట్టినోనికి సున్న. ఇంట్ల గూడ నేను గంతే.”

నేను తల ఊపాను. లోపల నా గుండె మాత్రం పరీక్ష హాల్లోంచి బయటికి ఉరకడానికి కిటికీ వెతుక్కుంటోంది.

సంబంధం ఖాయమైంది. కుర్మయ్య ఆ ‘ముందుమాట’ను మక్తల్ అంతా పంచాడు. కూరగాయల బండి దగ్గర, మార్కెట్ యార్డులో, తన షామియానాలు అద్దెకు తీసుకునే ప్రతి వాడికీ చెప్పాడు. ఎంగేజ్‌మెంట్‌కు నిలువెత్తు ఫ్లెక్సీ వేయించాడు. దాని మీద నా ఫోటో, సుజాత ఫోటో, మధ్యన పూల దండలో నేను పుట్టించిన ఆ వాక్యం. ఇంతటితో ఆగినా బాగుండు. ఒకరోజు ఫోను చేశాడు. హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో ఆ సినిమా డిస్కు దొరికిందట. ఎంగేజ్‌మెంట్ నాడు భోజనాలయ్యాక అందరికీ తెర మీద వేస్తాడట. ముందు నేను నటుల గురించి నాలుగు మాటలు చెప్పాలట.

నేను గట్టిగానే పోరాడాను. పెద్దవాళ్లకు పాత సినిమా అయితే నిద్ర వస్తుందన్నాను.

“పరుపులున్నయి. టెంట్ హౌస్ మనదే గదా” అన్నాడు.

పగలు వెలుతురులో తెర మీద బొమ్మ కనబడదన్నాను.

“కిటికీలకు షామియానా గుడ్డలు గట్టిస్త.”

కరెంటు పోతే ఎలా అన్నాను.

“జనరేటరుంది. నువ్వేం ఫికర్ వెట్టుకోకు అల్లుడా. గా ముందుమాట నా చెవులతోని ఇంటె చాలు.”

టెంట్ హౌస్ వాడితో వాదించకూడదని ఏ లైబ్రరీలోనూ రాసి లేదు. నేను రాస్తున్నాను, రాసుకోండి.

ఎలాగైనా ముందే చూసేద్దామని ఫోనులో వెతికాను. కోస్గిలో అప్పటి నెట్‌వర్కు ఎలాంటిదంటే, సినిమా మొదట్లో దేవుడి పటం ముందు హారతి ఇస్తారే, ఆ హారతి పొద్దున వెలిగితే సాయంత్రం దాకా అక్కడే ఉంది. తెర నడుమ చక్రం తిరుగుతూనే ఉంది. డిస్కు కోసం పాలమూరు వెళితే షాపువాడు నన్ను మ్యూజియం నుంచి తప్పించుకొచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు. సుజాతకు నిజం చెప్పేద్దామని మూడుసార్లు ఫోను చేసి మూడుసార్లూ ఎండలు ఎలా ఉన్నాయని అడిగాను. “కోస్గిల ఎట్లున్నయో ఈడ గూడ గట్లనే ఉన్నయి” అంది మూడోసారి. ‘సున్న’ అనే మాట చెవిలో మోగుతుంటే ఏ నోటితో చెప్పను? ఒకటి మాత్రం ఊరట. సినిమాలో ఏదో ఒక మాట అంటాడు కదా, అది నా వాక్యానికి దగ్గరగా ఉంటే డిస్కుకూ అసలు పెట్టెకూ తేడా ఉందని బుకాయించవచ్చు. మునిగేవాడు గడ్డిపోచను పట్టుకుంటాడంటారు. నేను గడ్డిపోచ గురించి చదివిన పుస్తకాన్ని పట్టుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. ఉంగరాలు మార్చుకున్నాం. భోజనాలయ్యాయి. కిటికీలకు షామియానాలు కట్టారు. ఎర్రటి చీకటి. కుర్మయ్య ప్రొజెక్టరు పక్కన నిలబడి మైకు నాకిచ్చాడు. నేను పావుగంట మాట్లాడాను. ఆ పావుగంట నా జీవితంలో ఆఖరి గౌరవనీయమైన పావుగంట అని తెలిసి ఉంటే ఇంకో పావుగంట మాట్లాడేవాణ్ణి. ఎర్రచీర సంగతి మరీ నొక్కి చెప్పాను. నటులు వచ్చినప్పుడల్లా వివరించమని మైకు నా చేతిలోనే ఉంచారు.

సినిమా మొదలైంది. నలుపు తెలుపు.

“ఎర్రచీర ఎప్పుడొస్తది?” అని ముందు వరసలో ఒక ముసలమ్మ అడిగింది. సుజాతకు మేనత్త. నేను మైకును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

బావి కనిపించింది. బొక్కెన పట్టుకుని మీసాలాయన వచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మైకు దగ్గరికి లాక్కున్నాను. “ఇడుగో మన హీరో. ఆ నడక చూడండి. ఆ ఛాతీ చూడండి. అడుగు వేస్తే భూమి—”

తెర మీద మీసాలాయన కాలు జారి బొక్కెనతో సహా బావిలో పడ్డాడు.

హాలంతా గొల్లుమంది. హీరోను ఇలా కొత్తరకంగా పరిచయం చేయడమే దర్శకుడి గొప్పదనం అన్నాను. ఇంతలో మీసం లేని ఒక బక్కపలచని మనిషి వచ్చి ఆయన్ను తాడు వేసి పైకి లాగాడు. “ఇతనెవరో పనివాడు. ముఖ్యమైన వేషం కాదు” అన్నాను. ఆ ముఖ్యం కాని మనిషి గోడ దగ్గరికి వెళ్లాడు. అటు నుంచి హీరోయిన్ వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వీణ మోగింది. పాట వచ్చింది.

“ఓ పిల్లగా, పనోడు ఆమెతోని పాట పాడుతాండేంది?” అంది మేనత్త.

“అది కల అత్తమ్మా.”

“ఎవ్వని కల?”

“హీరోది.”

“హీరో కలల పనోడు పాడుతడా? హీరో ఏం జేస్తుండు, నిద్రవోతుండా?”

తెర మీద మీసాలాయన నిజంగానే అరుగు మీద గురక పెడుతూ కనిపించాడు. తర్వాతి సీనులో తెలిసింది, ఆయన హీరోయిన్ ఇంట్లో వంటవాడు. హీరో ఆ బక్కాయన. చెదలు తిన్న ముఖం ఆయనదే. వెధవ చెదపురుగు అట్ట మీద అంత జాగా ఉండగా నేరుగా హీరో ముఖం మీదికి వెళ్లింది. నాకంటే దానికే సినిమా జ్ఞానం ఎక్కువ.

నేను ఇంకేదో సర్దబోతుంటే పక్క నుంచి ఒక చేయి వచ్చి మైకు తీసుకుంది. సుజాత. “కూసో” అంది. అంతే. కూర్చున్నాను. ఆ తర్వాత సినిమా చూశాను, మొదటిసారి. చెప్పకూడదు గానీ ఎంత బాగుందో. ఆ బక్కాయన నిజంగా కనుబొమలతోనే మోశాడు. హీరోయిన్ ఎడతెగకుండా మాట్లాడుతుంటే ఆయన ఒక్క కనుబొమ పైకెత్తేవాడు, హాలంతా పొట్ట పట్టుకునేది. నేను కూడా నవ్వాను. ఉరికంబం మీద ఉన్నవాడికి చక్కిలిగింతలు పెట్టినట్టుంది నా పరిస్థితి.

ఇంటర్వెల్ అని తెర మీద పడగానే కుర్మయ్య లేచి తలుపు వైపు నడిచాడు. కాళ్లకు అలవాటు. అనంతమ్మ చేయి చాచి ఆయన తువ్వాల కొస పట్టుకుంది. “సైకిల్ లేదు గద. కూసో” అని తన పక్కనే కూర్చోబెట్టుకుంది.

ముప్పయ్యో రోజు వచ్చింది. హీరో గోడ దగ్గరికి నడిచాడు. నా ఫ్లెక్సీ ఆ ఎర్రటి చీకట్లో తెర పక్కనే నిలబడి ఉంది. కుర్మయ్య పెదవులు ‘దేవీ’ అనడానికి సిద్ధంగా ఉన్నాయి. హీరో నోరు తెరిచాడు.

హీరోయిన్ గోడ మీదుగా చేయి చాచి ఆయన నోరు మూసేసింది. మాట్లాడకుండా ఉంటేనే బాగున్నావు, ఇక ఇలాగే ఉండు అంది. ఆయన కనుబొమ పైకెత్తాడు. శుభం.

ఒక్క మాట కూడా లేదు. దేవీ లేదు. ముందుమాట లేదు. దగ్గరగా ఉందో దూరంగా ఉందో చూసుకోవడానికి అక్షరం లేదు. లైట్లు వేశారు. అందరూ ముందు తెరను చూశారు, తర్వాత ఫ్లెక్సీని చూశారు, తర్వాత నన్ను చూశారు. మా బావ చెప్పులు వేసుకోవడం కనిపించింది.

అంతలో అనంతమ్మ నవ్వడం మొదలుపెట్టింది. చిన్నగా మొదలై, ఆయాసం వచ్చేదాకా నవ్వింది. ఆమె ఏడుస్తోందేమోనని కుర్మయ్య కంగారు పడ్డాడు.

“పిల్లగాడు సినిమా సూడలేదని నాకు గా దినమే ఎర్కయింది. గరిటె జారింది అందుకే” అంది.

“నీకెట్ల ఎరుక?”

“నేను సూసిన గద. పెండ్లయిన కొత్తల ఆడోళ్ల దిక్కు కూసోవెట్టి, నువ్వు సైకిలెక్కి వోతివి. నా పక్కకు కూసోని సూసిన దినమే నీకు ఎరుకైతది, నేనైతె చెప్పనంటి. నీకేమో ఎన్నడు కూసుండ తీరకపాయె.”

“మరి పిల్లగాడు అబద్ధమాడుతాంటే చెప్పవా?”

“చెప్తే నువ్వు ఈ సినిమా ఏపిద్దువా? నా పక్కన కూసుందువా?”

కుర్మయ్య నా దగ్గరికి వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. నా వేలికి ఉన్న ఉంగరాన్ని అప్పటికే సగం దాకా లాగి ఉంచుకున్నాను, అడిగితే ఇవ్వడానికి ఆలస్యం కాకూడదని.

“నిజం చెప్పు. ఎన్నిసార్లు సూసినవు?”

“ఇదే మొదలు మామా. చదివిన, అంతే.”

“ఆఖరి రీలు నాకు గూడ ఇదే మొదలు” అన్నాడు. తర్వాత సుజాత వైపు తిరిగి, “నీ ఇష్టం బిడ్డా” అన్నాడు.

సుజాత ఫ్లెక్సీని చూసింది. నా నుదుటి మీద చెమట బజ్జీ మీది నూనెలా కారుతోంది.

“జవాబు తప్పు. అయితే గా ముందుమాట ఏడ దొరికింది? ఏ పుస్తకంల?”

“ఏ పుస్తకంలో లేదు. నేనే అల్లిన.”

“అంటే స్టెప్పులు సొంతవే” అంది ఆలోచిస్తూ. “సగం మార్కులు. పాస్ గావాలంటే ఇంకో పరీక్ష రాయాలె. పెండ్లికి సరిగ్గ నెల ఉంది. అందాంక పుస్తకాల గురించి, సినిమాల గురించి ఒక్క ముక్క మాట్లాడొద్దు. ఎవ్వరితోని గూడ. మా అమ్మ కోస్గిల మా చిన్నమ్మకు చెప్పి కాపలా వెడ్తది.”

హాలు చప్పట్లు కొట్టింది. మా బావ చెప్పులు విప్పాడు. మేనత్త మాత్రం ఎర్రచీర రాలేదని సణుగుతూనే వెళ్లింది.

ఆ నెలరోజులు ఎలా గడిపానో చెబితే రాళ్లు కరుగుతాయి. జిరాక్సు షాపుకు గిరాకీ పెరిగిందని ఓనరు నాకు జీతం పెంచాడు. బస్టాండు దాకా పోయినవాళ్లంతా తిరిగి వచ్చారు. టీ హోటల్లో ఎవడో ఒక రోము చక్రవర్తి పేరు తప్పుగా చెబితే, నేను గాజు గ్లాసును పళ్ల మధ్య పెట్టుకుని ఊరుకున్నాను. కానీ లోలోపల ముప్పై రోజులూ ఒక వాక్యాన్ని చెక్కుతూనే ఉన్నాను. తాళి కట్టగానే సుజాతతో అనాలి. మొదటి వాక్యం దీని ముందు దిష్టిబొమ్మ. అంత గొప్పది.

పెళ్లినాడు తాళి కట్టాను. అక్షింతలు పడ్డాయి. వాయిద్యాలు ఆగాయి. ముప్పై రోజులు నిండాయి. నేను గొంతు సవరించుకుని, కళ్లు అరమూసి, ఒక చేయి గాల్లోకి చాచి, నోరు తెరిచాను.

పసుపు చేయి ఒకటి వచ్చి నా నోరు మూసింది. మక్తల్ వాళ్లు మళ్లీ చప్పట్లు కొట్టారు. మా పెళ్లి ఆల్బమ్‌లో ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. మూతి మీద ఐదు వేళ్ల పసుపు అచ్చుతో వరుడు, కనుబొమ ఒకటి పైకెత్తి. చూసినవాళ్లంతా ఇది ఎక్కడో చూసినట్టుందే అంటారు. నటనలో నేను పాసైన ఏకైక సందర్భం అదే.

అందువల్ల కోస్గి లైబ్రరీ నాలుగో బీరువాలోని సమస్త చెదపురుగుల సాక్షిగా ఇందుమూలంగా శపథం చేస్తున్నాను. శుభం కార్డు నా కళ్లతో చూడనిదే ఏ సినిమా గురించీ మాట్లాడను. ఆఖరి పేజీ చేతికి అందనిదే ఏ పుస్తకాన్నీ పొగడను. ముఖం లేని మనిషిని చిన్నచూపు చూడను. మీసాన్ని రుజువుగా స్వీకరించను.

ఇంతకీ ముప్పై రోజులు చెక్కిన ఆ రెండో వాక్యం ఏమిటని మీరు అడుగుతారని నాకు తెలుసు. అడగండి, తప్పు లేదు. అది ఇదీ:

ఆగండి. సుజాత చేయి కడుక్కుని ఇటే వస్తోంది.